రౌటర్‌కి తెలుగు నేర్పిన అమ్మాయి

ఆ శనివారం పొద్దున పదకొండున్నరకి నలభై ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి తప్పు చోట కత్తెర వేశారు.

పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. ఆన్‌లైన్‌లో కుట్టుపని నేర్పే టీచరమ్మ కెమెరా ముందు బట్ట పరిచి, మెడ దగ్గర సుద్దగీత చూపించి, "అందరూ ఇటు చూడండి. ఈ గీత మీద కత్తిరించ..." అంది. సరిగ్గా అక్కడ వైఫై ఆగిపోయింది. 'కండి' అన్న రెండక్షరాలు ఇంటి గుమ్మం దాటలేదు. తెలుగులో వద్దనే మాట చివర్లో కదా వచ్చేది! నలభై ముగ్గురూ తమకు తోచిన చివర తాము తగిలించుకుని, కరకరా కత్తిరించేశారు.

నెట్ తిరిగి వచ్చేసరికి తెర మీద నలభై మూడు గౌన్లు మెడల్లేకుండా వేలాడుతున్నాయి.

"ఒరేయ్!" అని టీచరమ్మ పక్కగదిలోకి వచ్చి నిలబడింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. "ఆ పెట్టె సంగతి చూస్తావా, నలభై మూడు గౌన్లు నువ్వే కుట్టిపెడతావా?"

కొడుకు ఎర్ర పెన్సిలు కింద పెట్టాడు. అతను ఒక పుస్తకాల ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరు. ఇరవై ఎనిమిదేళ్ళు. అచ్చుతప్పు కనపడితే చేయి ఊరుకోదు. మందు సీసా మీద లేబులైనా, లిఫ్టులో బోర్డైనా దిద్దాల్సిందే. కాలేజీలో ఓ అమ్మాయి ప్రేమలేఖ ఇస్తే, పదకొండు తప్పులు దిద్ది, మార్జిన్‌లో 'భావం బాగుంది' అని రాసి తిరిగిచ్చాడు. ఆ అమ్మాయి మళ్ళీ కనపడలేదు. ఎందుకో అతనికి చాలాకాలం అర్థం కాలేదు.

మధ్యాహ్నం రౌటర్‌ని తువ్వాల్లో చుట్టుకుని, రెండు వీధుల అవతలున్న రిపేరు షాపుకి వెళ్ళాడు.

ఇరుకు షాపు. గోడంతా అరలు, అరల నిండా యాంటెన్నాలు పైకెత్తుకున్న పెట్టెలు. కౌంటరు వెనక ఓ అమ్మాయి, జుట్టు ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని, ఏదో వైరు చివర పళ్ళతో పట్టుకుని ఉంది. వీధిలో అందరూ ఆమెను రౌటరమ్మ అంటారు. ఆమె వైరు నోట్లోంచి తీసి, తువ్వాలు వైపు చూసింది.

"ఎన్నో నెల?"

"ఏంటండీ?"

"చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చారు కదా అని. ఏమైంది దీనికి?"

"మధ్యమధ్యలో ఆగిపోతోంది."

"ఇంట్లో ఎవరెవరు వాడతారు?"

"అమ్మ క్లాసు చెబుతుంది. నేను ఫైళ్ళు పంపుతాను. నాన్న తన పాత ఆఫీసు వాళ్ళు రెండొందల మందికి శుభోదయం వీడియోలు పంపుతాడు."

"ఎన్ని గంటలకి?"

"పదింటికి మొదలుపెడితే పన్నెండు దాకా."

"దొరికాడు దొంగ," అంది ఆమె సంతోషంగా. "మీ నాన్నగారు రెండొందల మూటలు గుమ్మంలో పడేసి నిలబడితే, వెనకాల మీ అమ్మగారి మాట బయటికెలా వెళ్తుందండీ?"

పెట్టె బాగానే ఉందట. లోపలి బుర్రే పాతదట. చేసిన కంపెనీ దాన్ని పట్టించుకోవడం మానేసి నాలుగేళ్ళయింది. "దీని ఫర్మ్‌వేర్ తీసేసి ఓపెన్ సోర్స్‌ది ఎక్కిస్తాను. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాస్తారు. అంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అది ఎక్కితే ఎవరి మూటైనా వరసలో నిలబడాల్సిందే. మీ అమ్మగారికి ముందు దారి."

ఎవరైనా బాగుచేయొచ్చు అన్న మాట ప్రూఫ్ రీడరు చెవిలో తేనెలా పడింది.

అరగంటలో పని అయిపోయింది. ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "ఇదిగోండి మీ రౌటర్ లోపలి పేజీ. తెలుగులోనే ఉంది, హాయిగా వాడుకోవచ్చు."

అతను చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. అగ్గిగోడ. చుట్టాల వైఫై. తాళంమాట. ప్లగ్ పీకకండి.

"ఎవడండీ ఇది రాసింది?" అని పకపకా నవ్వాడు. "అగ్గిగోడ ఏమిటి, నా మొహం! 'అగ్నికుడ్యం' అనాలి. 'పీకకండి' అనేది అచ్చులో వాడే మాటేనా? ఇక్కడ ఒత్తు లేదు. అక్కడ దీర్ఘం ఎక్కువైంది. ఎవడో బడి మధ్యలో మానేసినవాడు..."

"నేనేనండీ," అంది రౌటరమ్మ.

బయట ఫెళ్ళున వాన మొదలైంది. లోపల అంతకన్నా పెద్ద ఉరుము ఆమె మొహంలో కనపడింది.

"మా అమ్మకి ఇంగ్లీషు రాదు. వైఫై తాళంమాట మార్చాలన్నా నాకు ఫోన్ చేసేది. తనంతట తను చేసుకోవాలని ఆర్నెల్లు కూర్చుని రాశాను. పధ్నాలుగొందల వరసలు. అగ్నికుడ్యం అని రాస్తే మా అమ్మ ఫైరింజన్‌కి ఫోన్ చేస్తుంది!"

"అంటే... నా ఉద్దేశం..."

"అంత వచ్చినవారు దిద్ది పెట్టండి, చూద్దాం." ఓ పెన్‌డ్రైవ్ తీసి కౌంటరు మీద టక్కున పెట్టింది. "పదండి, షాపు కట్టేస్తాను."

"వాన పడుతోందండీ."

"తువ్వాలు ఉందిగా?"

రౌటర్‌కి తువ్వాలు చుట్టి, తను తడుస్తూ ఇంటికి వెళ్ళాడు. దారిలో ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా, 'ఎన్నో నెల?' అన్న మాట గుర్తొచ్చి నవ్వొచ్చేసింది.

ఆ రాత్రి నుంచే దిద్దడం మొదలుపెట్టాడు. మొదటి రెండొందల వరసలు ఎర్రగా రక్తసిక్తం చేశాడు. రెండొందల పదిహేడో వరస దగ్గర పెన్సిలు ఆగింది.

అవతల ఫలానా పెట్టె ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న సంకేతం పంపి, జవాబు కోసం చూసే మీట ఒకటుంది. ఇంగ్లీషులో దాన్ని పింగ్ అంటారు. ఆమె దానికి 'పలకరించు' అని రాసింది.

పలకరించు. ఒక మాట విసిరి, అవతల ఎవరైనా ఉన్నారా అని చెవి ఒగ్గడం. ఇంతకన్నా మంచి మాట తను నెలరోజులు నిఘంటువులు తిరగేసినా దొరకదని అతనికి తెలిసిపోయింది. మార్జిన్‌లో 'భావం బాగుంది' అని రాయబోయి, భయపడి మానేశాడు.

తర్వాత ఆరు వారాలు ఆ షాపులో జరిగింది యుద్ధమే. సాయంత్రం ఆరింటికి అతను కాగితాల కట్టతో వచ్చేవాడు. ఆమె స్టూలు జరిపేది.

"'చుట్టాల వైఫై' వద్దండీ. 'అతిథి జాలం' అందాం."

"మీ ఇంటికి అతిథులొస్తారా, చుట్టాలొస్తారా?"

"చుట్టాలే."

"వచ్చి ముందు ఏమడుగుతారు?"

"వైఫై తాళంమాట."

"మరింకేం! ఉంచండి."

'అగ్గిగోడ', 'అగ్నికుడ్యం' మూడు సాయంత్రాలు కొట్టుకుని, చివరికి రెండూ ఓడిపోయి 'ఫైర్‌వాల్'తో రాజీకొచ్చాయి. ఒత్తుల దగ్గర అతను గెలిచేవాడు. మాటల దగ్గర ఆమె గెలిచేది. ఓడినవాళ్ళు టీ తేవాలి. అతనే ఎక్కువసార్లు తెచ్చాడు. కొన్నిసార్లు కావాలని ఓడాడు. అది ఆమెకి తెలుసని అతనికి తెలియదు.

ఒక్క 'ప్లగ్ పీకకండి' మాత్రం తేలలేదు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కుతున్నప్పుడు తెర మీద వచ్చే హెచ్చరిక అది. మధ్యలో కరెంటు ఆగితే పెట్టె పనికిరాకుండా పోతుంది.

"పీకడమేమిటండీ, పన్నా? 'విద్యుత్ సరఫరాను నిలిపివేయరాదు' అనాలి. గౌరవంగా ఉంటుంది."

"పెట్టె ప్రాణం పోయేటప్పుడు గౌరవం ఎవరిక్కావాలి?" అని ఆమె కొట్టిపారేసింది.

ఇంతలో ఓ శనివారం సాయంత్రం అతను బస్సులో కూర్చుని ఫోన్‌లోనే మిగిలిన వరసలు చూస్తున్నాడు. ఎనిమిదొందల పన్నెండో వరసలో, పాత వైఫైని జాబితాలోంచి తీసేసే మీట మీద ఆమె 'మర్చిపో' అని రాసింది. అతను రెండు మెసేజ్‌లు పంపాడు. మొదటిది: '812వ వరస గురించి.' రెండోది: 'ఇది వద్దండీ. మరీ చనువుగా ఉంది. తొలగిస్తే మంచిది.'

ఇంటికెళ్ళి చూస్తే ఆమె దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చినట్టూ, పోయినట్టూ కనపడింది. 'ఈ సందేశం తొలగించబడింది' అని ఉంది. 'తొలగించబడింది' ఏం తెలుగు, ఎవరు రాస్తారు ఇలాంటివి అని విసుక్కున్నాడే తప్ప, ఏం తొలగించిందో ఆలోచించలేదు.

సోమవారం షాపుకెళ్తే స్టూలు జరగలేదు.

"మీరు దిద్దినవన్నీ ఒప్పేసుకున్నానండీ," అంది రౌటరమ్మ ఓ పెట్టెలోకి చూస్తూ. "అన్నీ. కొత్త ఫైలు ఇందులో ఉంది."

"అన్నీనా? వాదించకుండా?"

"వాదించడమెందుకండీ. పెద్దవారు."

"నేనా? నాకు ఇరవై ఎనిమిదే!"

ఆమె పెన్‌డ్రైవ్ అతని చేతికిచ్చి, వేళ్ళు తగలకుండా జాగ్రత్తగా వెనక్కి తీసుకుంది. ఆ వారమంతా అతను పలకరిస్తూనే ఉన్నాడు. అటునుంచి 'ఊఁ', 'సరే', 'చూద్దాం' తప్ప ఏమీ రాలేదు. గెలిచిన పధ్నాలుగొందల వరసలూ చప్పగా అనిపించాయి.

శనివారం పదవుతుండగా అతనికో ఆలోచన వచ్చింది. కొత్త ఫైలు తనే రౌటర్‌లో ఎక్కించి, అంతా బాగుందని ఆమెకి చెబితే, ఆ వంకనైనా ఓ మాట మాట్లాడుతుంది. లాప్‌టాప్ తెరిచి మీట నొక్కాడు. గీత మెల్లగా నిండుతోంది. ఈలోగా తల దువ్వుకుందామని వెళ్ళాడు.

టీచరమ్మ క్లాసుకి బల్ల సర్దడానికి వచ్చి తెర వైపు చూసింది. అక్షరాలు పెద్దవి, పెట్టె చిన్నది. పట్టినంతవరకే కనపడుతోంది: 'విద్యుత్ సరఫరాను నిలిపివేయ...'

ఆవిడ పద్ధతైన మనిషి. చదివింది చదివినట్టు చేసింది.

"ప్లగ్ ఎందుకు తీశావమ్మా!" అని కొడుకు దువ్వెనతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"నిలిపివేయమని ఉంటే నిలిపేశాను. అయినా అంత పెద్ద పెద్ద మాటలు రాసినవాడెవడురా?"

కొడుకు వంగి చూశాడు. రౌటర్‌లో ఒక్క దీపం వెలగలేదు. క్లాసుకి ఇంకా ముప్పావుగంటే ఉంది. అది మామూలు క్లాసు కూడా కాదు. కోర్సు పూర్తిచేసిన నలభై ముగ్గురూ తాము కుట్టిన గౌన్లు చూపిస్తే, చూసి సర్టిఫికెట్లు ఇచ్చే రోజు.

షాపులోకి అతను ఊపిరి ఆడకుండా వచ్చి పడేసరికి రౌటరమ్మ తల ఎత్తలేదు.

"పెట్టె పోయిందండీ. నేనే ఎక్కించబోయాను. అమ్మ ప్లగ్ తీసేసింది. పదకొండింటికి క్లాసు."

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత లాప్‌టాప్, ఓ కేబులు సంచిలో పడేసుకుంది. "మీ కోసం కాదు. నలభై ముగ్గురి కోసం."

"అలాగేనండీ. మీరు ఎవరికోసమొచ్చినా పరవాలేదు."

హాల్లో నేల మీద కూర్చుని కేబులు తగిలించింది. "సన్నటి మేకు లాంటిదేమన్నా ఉందా?"

"ఏ నంబరు సూది కావాలమ్మా?" అంది టీచరమ్మ, డబ్బా తెరుస్తూ.

పధ్నాలుగో నంబరు సూది మొద్దువైపుతో వెనక కన్నంలో మీట నొక్కిపట్టి, ఆమె కరెంటు ఇచ్చింది. లోపల ఎక్కడో ఓ దీపం గబగబా కొట్టుకుంది. "బతికే ఉంది! అసలు లోపల కాస్త చోటు ఇలాంటి రోజు కోసమే దాచి ఉంచుతారు. పాత ఫైలు పంపిస్తున్నాను. ఐదు నిమిషాలు ఎవ్వరూ ముట్టుకోకూడదు."

టీచరమ్మ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. ఇంట్లో మొబైల్ సిగ్నల్ అంతంతే. వీడియో రాదు గానీ, కర్టెన్ అవతల గ్రిల్‌కి ఆనుకుంటే మాట వెళ్తుంది. ముందుగా చేరిపోయిన విద్యార్థినులకి కాస్త ఓపిక పట్టమని చెప్పాలి.

హాల్లో ఇద్దరే మిగిలారు, మధ్యలో రౌటర్.

"నిలిపివేయరాదు," అంది రౌటరమ్మ గాల్లోకి చూస్తూ. "ఎవరు రాశారో."

"నేనే. మీదే బాగుందండీ."

"ఏంటీ?"

"ప్లగ్ పీకకండి. అదే బాగుంది. నాది తప్పు."

"మళ్ళీ ఒక్కసారి చెప్పండి, రికార్డు చేసుకుంటాను."

"ఎగతాళి తర్వాత. ముందు ఇది చెప్పండి, మీరెందుకు వాదించలేదు? వాదించి ఉంటే ఇది జరిగేదా?"

"వాదించాలంటే చనువుండాలి కదండీ. మీకేమో చనువు గిట్టదాయె."

"ఎవరన్నారు?"

"తమరే!" ఆమె ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. 'ఇది వద్దండీ. మరీ చనువుగా ఉంది. తొలగిస్తే మంచిది.'

"అయ్యో, ఇది మీకు కాదు! ఎనిమిదొందల పన్నెండుకి!"

"ఆవిడెవరు?"

"ఆవిడ కాదండీ బాబూ, వరస! మర్చిపో!"

"ఏం మర్చిపోవాలి?"

"మీరేం మర్చిపోవద్దు! ఆ వరసలో మాట 'మర్చిపో' అని..." అతను తన ఫోన్ తీసి వెతికాడు. మొదటి మెసేజ్ పక్కన ఎర్ర గుర్తు. బస్సులో సిగ్నల్ లేక అది అసలు బయల్దేరనేలేదు. రెండోది మాత్రం తిన్నగా వెళ్ళిపోయింది.

ఆమె ఆ ఎర్ర గుర్తు వైపు చాలాసేపు చూసింది. పెదవులు బిగించింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని అతను కంగారుపడ్డాడు. నవ్వుతోంది.

"మీరు తొలగించిన దాంట్లో ఏముందండీ?" అన్నాడు మెల్లగా.

"మా అన్నయ్యా వదినా వచ్చారు. ఆదివారం భోజనానికి మిమ్మల్ని రమ్మన్నాను. మీ గురించి వాళ్ళకి చెప్పానని కూడా రాశాను. పంపిన నిమిషంలోనే మీ 'వద్దండీ' వచ్చింది."

"నా గురించి ఏమని?"

"నెట్ కనెక్షన్ చూస్తారని!" ఆమె కళ్ళెర్రజేసింది. "ఏమని చెబుతారండీ, ఒక మనిషిని ఇంటికి భోజనానికి పిలిచేటప్పుడు?"

అతను దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నాడు. జన్మలో లక్ష వాక్యాలు దిద్దినవాడికి ఒక్కటి కుదరడం లేదు.

"అంటే నాకు... ఆ 'పలకరించు' దగ్గర్నుంచే... మీరు... రోజూ ఆరింటికి... ఇష్టమైపోయింది."

"ఈ వాక్యంలో కర్త ఎవరు?"

"నేను."

"కర్మ?"

"మీరు."

"నేను మీ ఖర్మా?"

"వ్యాకరణంలో కర్మ అండీ! ఒత్తు లేదు!" అని అతను దాదాపు అరిచాడు. "మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా అని అడుగుతున్నాను. ఇందులో తప్పులుంటే దిద్దండి!"

ఆమె నోరు తెరిచింది.

"టీచర్!" అని కర్టెన్ అవతల్నుంచి ఓ సన్నటి గొంతు వినపడింది. "ఆ అమ్మాయి ఏమందో మాకు వినపళ్ళేదు!"

కర్టెన్ కదిలింది. టీచరమ్మ బయటికొచ్చింది, చేతిలో స్పీకర్ ఆన్‌లో ఉన్న ఫోన్. "ఉండండే, ఇంకా ఏమీ అనలేదు," అంది ఫోన్‌లోకి.

సరిగ్గా అప్పుడే రౌటర్‌లో దీపాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెలిగి నిలబడ్డాయి. రౌటరమ్మ మొహం కందగడ్డలా చేసుకుని, లేచి, "నెట్ వచ్చిందండీ, క్లాసు మొదలుపెట్టుకోండి," అంది. ఇక క్లాసు అయ్యేదాకా రౌటర్ పక్కనుంచి కదల్లేదు, అతని వైపు చూడలేదు. నలభై మూడు గౌన్లు మెడలతో సహా తెర మీద వరసగా మెరిశాయి. నాన్న వీడియోలు బుద్ధిగా వెనక నిలబడ్డాయి.

క్లాసు ముగించుకుని టీచరమ్మ హాల్లోకి వచ్చేసరికి రౌటరమ్మ సంచి సర్దుకుంటోంది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు తిరుగు. చేతులు చాపు."

"ఎందుకండీ?"

"నిటారుగా నిలబడు." టీచరమ్మ మెడలోంచి టేపు తీసి ఆమె భుజాల మీద పరిచింది. "ఒరేయ్, నా పుస్తకం తీసుకురా. రాసుకో. భుజం పదిహేను."

అది ఆవిడ కస్టమర్ల పుస్తకం కాదు, అల్మారాలో విడిగా ఉండేది. అందులో ఇంట్లోవాళ్ళ కొలతలే ఉంటాయి. 'ఆయన' అని ఓ పేజీ, 'అబ్బాయి' అని ఓ పేజీ, పెళ్ళయి వెళ్ళిన అతని అక్కకీ బావకీ చెరొకటి. కొడుకు కొత్త పేజీ తిప్పి, పెన్ను పట్టుకుని, తలెత్తాడు.

"పైన ఏమని రాయనమ్మా?"

"కోడలు అని రాయి," అంది టీచరమ్మ, టేపు చేతి వైపు జరుపుతూ. "ఏం అమ్మాయ్, రాయమంటావా, వద్దా? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఉత్త గౌను కుట్టి పంపిస్తాను, ఏమీ అనుకోను."

లోపలి గదిలోంచి నాన్న తల బయటపెట్టాడు. "నేను మా వాళ్ళందరికీ చెప్పొచ్చా?"

"మీరు ఆగండి!" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

అతను రాశాడు. రౌటరమ్మ టేపులోంచి తప్పించుకుని, అతని భుజం మీదుగా వంగి పుస్తకంలోకి చూసింది.

"కోఢలు," అని చదివింది. "'డ'కి ఒత్తు పెట్టారు. ఇదేనా మీ ప్రూఫ్ రీడింగు?"

అతను మొహం చేతుల్లో కప్పుకున్నాడు.

ఆమె అతని వేళ్ళ మధ్య నుంచి పెన్ను లాక్కుని, ఆ మాట కొట్టేసి, పక్కనే గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, తనే రాసుకుంది.